జాబ్ ఆఫర్ లేకుండా కెనడా పీఆర్: నా స్కోరు 376, ఏజెంటు అడిగేది 12 లక్షలు

ప్రశ్న: ట్రాన్స్‌ఫార్మర్27

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నాకు 27. బీటెక్ ఎలక్ట్రికల్ 2021లో అయింది, ఆ ఏడాది చివర్లో ఒక కంపెనీలో చేరి అప్పటినుంచి అక్కడే సబ్‌స్టేషన్ డిజైన్ చేస్తున్నా, అంటే నాలుగేళ్లు దాటింది. పెళ్లి కాలేదు. కెనడాలో అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు ఎవరూ లేరు, అక్కడ చదువుకోలేదు, అసలు ఆ దేశంలో అడుగే పెట్టలేదు. ఐఈఎల్‌టీఎస్ జనరల్ రాశాను: లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7. ఓవరాల్ 7 అనగానే ఇంట్లో స్వీట్లు కూడా పంచారు. ఆ తర్వాత గవర్నమెంటు వెబ్‌సైట్‌లో సీఆర్ఎస్, అంటే పీఆర్‌కు (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) మన వరస తేల్చే స్కోరు, లెక్క వేసుకుంటే 376 వచ్చింది. డ్రాలేమో, అంటే స్కోరు ఎక్కువున్నవాళ్లను పిలిచే విడతలు, 500 పైన నడుస్తున్నాయి. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్నకు తెలిసినవాళ్ల ద్వారా ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. వాళ్లు చెప్పేది ఏంటంటే, జాబ్ ఆఫర్ లేకుండా ఈ రోజుల్లో కెనడా అనేది కల, మేము ఎల్ఎంఐఏతో (విదేశీయుణ్ని పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే ప్రభుత్వ అనుమతి) సహా ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, దానికి 200 పాయింట్లు కలుస్తాయి, 376 కాస్తా 576 అవుతుంది, ఆరు నెలల్లో పీఆర్ చేతిలో ఉంటుంది అని. 12 లక్షలు, సగం ముందే కట్టాలి. నాన్న ఊళ్లో ఉన్న స్థలం అమ్ముదామంటున్నారు. ఆయనకు నా మీద నమ్మకం కంటే ఆ ఆఫీసులో గోడకు అతికించిన వీసా ఫోటోల మీద నమ్మకం ఎక్కువగా ఉంది.

ఆఫర్ లేకుండా దారి నిజంగా లేదా? ఈ 376 ఎక్కడినుంచైనా పెరుగుతుందా? బ్యాంకులో ఎంత చూపించాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు: మిస్సిస్సాగా మామ

తమ్ముడూ, ముందు నాన్నగారిని ఆ స్థలం అమ్మకుండా ఆపు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆ కన్సల్టెన్సీవాడు నీకు అమ్ముతున్నది ఇప్పుడు చెల్లని సరుకు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే నువ్వు స్కోరు లెక్కేసుకున్న ఆ పీఆర్ పద్ధతిలో, జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను 2025 మార్చి 25న పూర్తిగా తీసేశారు. అంతకుముందు కూడా 200 అనేది బాగా పై స్థాయి మేనేజర్లకే, నీలాంటి ఇంజినీరుకు వచ్చేది 50. తీసేయడానికి కారణమే ఈ ఆఫర్ లెటర్ల అమ్మకం. పైగా ఎల్ఎంఐఏ ఫీజు 1,000 డాలర్లు యజమాని కట్టుకోవాలి, దాన్ని ఉద్యోగి మీద వెయ్యడం చట్టవిరుద్ధం. అంటే నీ దగ్గర 12 లక్షలు తీసుకుని, నేరంతో పుట్టిన కాగితం ఇచ్చి, దానివల్ల సున్నా పాయింట్లు తెప్పిస్తాడన్నమాట. ఆ కాగితం దొంగదని తేలితే మోసపోయినవాడివి నువ్వే అయినా తప్పుడు సమాచారం ఇచ్చినవాడివీ నువ్వే అవుతావు, అయిదేళ్ల నిషేధం పడుతుంది. కొన్ని ప్రావిన్సుల (అక్కడి రాష్ట్రాల) స్ట్రీముల్లో నిజమైన ఆఫర్‌కు ఇంకా విలువ ఉంది, అది వేరే కథ, కొనుక్కునే ఆఫర్‌కు ఎక్కడా లేదు.

ఆఫర్ లేకుండా దారి ఉందా అన్నావు. నేను వచ్చింది అలాగే. 2019లో 461 స్కోరుతో, ఇక్కడ ఒక్క మనిషి కూడా తెలియకుండా. అప్పటి కటాఫులు వేరు, ఆ మాట నిజం. కానీ దారి పేరు అదే, ఫెడరల్ స్కిల్డ్ వర్కర్. ఇందులో రెండు గడపలున్నాయి, చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని కంగారు పడతారు.

మొదటి గడప 100కి 67. వయసు, చదువు, భాష, అనుభవం ఇవన్నీ చూసి పూల్‌లోకి, అంటే పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలోకి, రానిస్తారో లేదో తేల్చేది. నీకు వయసు 12, బీటెక్‌కు 21, భాషకు 22, నాలుగేళ్ల అనుభవానికి 13. మొత్తం 68. ఒక్క పాయింటు మిగులుతో లోపలికి వచ్చేశావు, సంతోషించు. రెండోది సీఆర్ఎస్, అంటే లోపలున్న వాళ్లలో నీ వరస ఎక్కడ అని. అక్కడే 376.

ఇప్పుడు ఆ 376 ఎలా వచ్చిందో విప్పి చూద్దాం, ఎందుకంటే నీ పాయింట్లు ఎక్కడ పారేసుకున్నావో అందులోనే కనిపిస్తుంది. వయసుకు 110, ఇది గరిష్ఠం, 29 దాకా తగ్గదు, 30 రాగానే 105, 31కి 99, అలా ఏటా అయిదారు చొప్పున కరుగుతుంది. బీటెక్‌కు 120. భాషకు నీ నాలుగు మార్కులూ కలిపి 108. ఇవి 338. చివర్లో స్కిల్ ట్రాన్స్‌ఫరబిలిటీ అని ఒక గడి ఉంటుంది, అందులో నీకు వచ్చింది 38.

ఆ గడి దగ్గర ఆగు. చదువునూ భాషనూ కలిపి ఒకసారి, విదేశీ అనుభవాన్నీ భాషనూ కలిపి ఒకసారి పాయింట్లిస్తారు. నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా వాళ్ల భాషా స్థాయి కొలత) 9 ఉంటే ఒక రేటు, ఒక్కదాంట్లో తగ్గినా దాదాపు సగం రేటు. సీఎల్‌బీ 9 అంటే లిజనింగ్ 8, మిగతా మూడూ 7. ఓవరాల్ ఎంతన్నది ఎవరికీ అక్కర్లేదు తమ్ముడూ, ఆ స్వీట్లు కాస్త తొందరపడి పంచారు. నువ్వు లిజనింగ్‌లో అర బ్యాండు, రైటింగ్‌లో అర బ్యాండు తక్కువ. ఆ రెండు అరలూ కలిస్తే భాషకు 124, ట్రాన్స్‌ఫరబిలిటీకి 25 + 50 అయి 75, మొత్తం 429. అంటే 53 పాయింట్లు. 12 లక్షలకు రానివి ఒక పరీక్ష ఫీజుతో వస్తాయి.

429తో ఇప్పుడు పిలుస్తారా అంటే, మామూలుగా పిలవరు. అబద్ధం చెప్పను. 2025లో ఇప్పటికే కెనడాలో పనిచేస్తున్నవాళ్లకు, అదే సీఈసీ వాళ్లకు, పెట్టిన డ్రాల్లో కటాఫ్ 510 కిందకు రానేలేదు. మీలా బయటనుంచి వచ్చేవాళ్లకు మిగిలినవి కేటగిరీ డ్రాలు (ఫలానా వృత్తులకో భాషకో విడిగా పెట్టేవి), ప్రావిన్సుల నామినేషన్లు. నీకు కేటగిరీ ఒకటి ఉంది: 2025 ఫిబ్రవరిలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాను మార్చి సాఫ్ట్‌వేర్ వాళ్లను తీసేశారు గానీ ఎలక్ట్రికల్ ఇంజినీర్లను ఉంచారు. చిక్కేంటంటే 2024 ఏప్రిల్లో 491 కటాఫ్‌తో ఒక స్టెమ్ డ్రా జరిగాక 2025 అంతా మళ్లీ ఒక్కటీ పెట్టలేదు. జాబితాలో పేరుండటం వేరు, విస్తరి వెయ్యడం వేరు.

ప్రావిన్సు నామినేషన్ వస్తే 600 కలుస్తాయి, ఇంక ఐటీఏ, అదే దరఖాస్తు పెట్టమనే పిలుపు, వచ్చినట్టే. 2025లో ప్రావిన్సుల లక్ష్యాన్ని 1,10,000 నుంచి 55,000కు కోసేశారు, 2026కు మళ్లీ 91,500కు పెంచారు. అందుకని ప్రొఫైల్ పూల్‌లో పడేసి ఉంచు, అది ఉచితం, 12 నెలలు ఉంటుంది, మళ్లీ వేసుకోవచ్చు.

ఇంకో దారి చదువు. బీటెక్ మీద మాస్టర్స్ ఉంటే 120కి బదులు 135, ట్రాన్స్‌ఫరబిలిటీలో 25కి బదులు 50. సీఎల్‌బీ 9తో కలిపి 469. ఏడాది పీజీ డిప్లొమా అయినా ఈసీఏ (మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చడం) చేసే సంస్థ, అంటే వెస్ లాంటిది, దాన్ని గుర్తిస్తే 462 దాకా వెళ్తావు. గుర్తిస్తారో లేదో చేరకముందే కనుక్కో, చేరాక కాదు.

డబ్బు: ఒంటరికి 15,263 కెనడా డాలర్లు, ఇది 2025 జులైలో మార్చిన అంకె, ఏటా పెంచుతారు. అప్పు తెచ్చినది కాకూడదు. ఊళ్లో ఇల్లుంది, స్థలం ఉంది అంటే లెక్కలోకి రాదు. ఇదికాక దరఖాస్తుకు 1,525, ఇది 2024 ఏప్రిల్లో పెట్టిన రేటు, వేలిముద్రలకు 85, కట్టేముందు ఒకసారి చూసుకో.

జవాబు: ఫైలు తిరిగొచ్చింది

మామ గారు లెక్కంతా చెప్పారు, నేను ఎవరూ చెప్పని ఒక్క విషయం చెప్తాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్.

మన కంపెనీల్లో హెచ్ఆర్ ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఫలానావాడు ఫలానా తేదీనుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు, ప్రవర్తన బాగుంది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. కెనడా వాళ్లకు కావలసింది అది కాదు. హోదా, చేసిన పనుల వివరం, వారానికి ఎన్ని గంటలు, జీతం, ఇవన్నీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉండాలి. నాకు ఐటీఏ వచ్చింది, గంతులేశాను, 60 రోజుల్లో అన్ని కాగితాలూ పెట్టాలన్నారు, మా హెచ్ఆర్ మాత్రం పనుల వివరాలు రాయడం మా పాలసీ కాదు అని కూర్చుంది. యాభై రోజులు తిరిగాను. చివరికి ఆ ప్రవర్తన బాగున్న సర్టిఫికెట్టే పెట్టాను. రిజెక్ట్. అనుభవం రుజువు కాలేదన్నారు. కట్టిన ఫీజులో కొంత, రెండేళ్ల వయసు పాయింట్లు, రెండూ పోయాయి.

రెండోసారి ఏం చేశానంటే, పాత మేనేజరుతో పనులన్నీ రాయించి సంతకం పెట్టించుకున్నా, హెచ్ఆర్ ఇవ్వనన్న మెయిల్ ప్రింటు పెట్టా, జీతం స్లిప్పులు, ఫారం 16లు, పీఎఫ్ స్టేట్‌మెంటు, అపాయింట్‌మెంట్ ఆర్డరు అన్నీ జతచేసి, ఎందుకిలా పెడుతున్నానో ఒక లెటర్ రాశా. అది నడిచింది. నీకు నాలుగేళ్లుగా ఒకటే కంపెనీ, పైగా ఇంకా అక్కడే ఉన్నావు, ఇప్పుడే మేనేజరును మంచి చేసుకో. ఐటీఏ వచ్చాక మొదలుపెడితే 60 రోజులు పండగ సెలవుల్లా అయిపోతాయి.

ఇంకోటి, ఎన్ఓసీ కోడు, అంటే కెనడాలో ఒక్కో వృత్తికి ఇచ్చిన నంబరు, హోదా చూసి వేసుకోకు. ఎలక్ట్రికల్ ఇంజినీరుకు 21310. కానీ నువ్వు రోజూ చేసేది డ్రాయింగులు గీయడమే అయితే అది టెక్నాలజిస్టు కోడు కావచ్చు. ఆ కోడు కింద వాళ్లు రాసిన పనులు చదివి, నీ పనికి ఏది దగ్గరో చూడు. అలాగని ఆ వాక్యాలనే లెటర్‌లో దించేయకు, అది కూడా పట్టేస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్27

మామ గారూ, మీ పోస్టు నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. మార్చి 25 దగ్గర మళ్లీ చదవమన్నారు. తర్వాత కన్సల్టెన్సీకి ఫోన్ చేసి ఆయనే అడిగారు, "పాయింట్లు తీసేశారటగా" అని. అవతలివాడు "మాకు లోపల మనుషులున్నారండీ" అన్నాడట. నాన్న ఫోన్ పెట్టేసి టీ తాగారు, స్థలం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంకో రెండు అడగాలి. అమ్మ సంబంధాలు చూస్తోంది. పెళ్లైతే స్కోరు పెరుగుతుందా తగ్గుతుందా? రెండోది, ఫ్రెంచ్ నేర్చుకుంటే పని అవుతుందని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. ఇంగ్లిష్ రైటింగ్‌లోనే 6.5 వచ్చినవాడికి ఫ్రెంచ్ అంటే నవ్వొస్తోంది, నిజమేనా అది?

జవాబు: మిస్సిస్సాగా మామ

పెళ్లి లెక్క చెప్తా, నవ్వుకోకు. నీకు సీఎల్‌బీ 9 వచ్చిందనుకుందాం. ఒంటరిగా వయసు, చదువు, భాష కలిపి 354. పెళ్లై భార్యతో కలిసి వెళ్తే అవే మూడూ 328, అంటే 26 పోతాయి. ఆ అమ్మాయికి కూడా డిగ్రీ ఉండి 8, తనూ పరీక్ష రాసి నాలుగింట్లోనూ సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే 20, మొత్తం 28 వస్తాయి. రెండు పాయింట్ల లాభం. పరీక్ష రాయనంటే నష్టమే. కట్నం లెక్కలా ఉంది గానీ నేను చేసింది కాదు, వాళ్లదే. నిధులు ఇద్దరికి 19,001 డాలర్లు చూపాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్రాసెస్ మధ్యలో పెళ్లైతే దాచొద్దు. కెనడాలో దిగకముందు జరిగిన పెళ్లి వాళ్లకు చెప్పకపోతే, ఆ తర్వాత భార్యను స్పాన్సర్ చేసి తెచ్చుకునే హక్కే పోవచ్చు. స్కోరు కోసం పెళ్లి దాచి ఏళ్లతరబడి ఫోన్లో కాపురం చేస్తున్నవాళ్లను చూశాను.

జవాబు: బల్ల ఆడది

ఫ్రెంచ్ గురించి నేను చెప్తాను, నేను వచ్చింది దాంతోనే.

నవ్వు రావడం సహజం. నాకూ ఇంగ్లిష్ రైటింగ్ రెండుసార్లు 6.5 దగ్గరే ఆగింది, చివరికి సెల్పిప్ రాసి బయటపడ్డాను. అది కెనడా పరీక్షే, మొత్తం కంప్యూటర్ మీదే, అందులో 9 వస్తే సీఎల్‌బీ 9, మళ్లీ మార్చుకునే పట్టికలు అక్కర్లేదు. పీటీఈ కోర్ కూడా 2024 జనవరి నుంచి తీసుకుంటున్నారు, కానీ పీటీఈ అకడమిక్ వేరు, పొరపాటున అది బుక్ చేసుకోకండి.

ఇక ఫ్రెంచ్. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (సీఎల్‌బీ లాంటిదే, ఫ్రెంచ్‌కు) 7 రావాలి, మామూలు మాటల్లో బీ2 స్థాయి. పరీక్షలు రెండు, టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా. వస్తే ఏమవుతుందంటే, ఇంగ్లిష్ కూడా ఉంది కాబట్టి అదనంగా 50, రెండో భాష కింద ఒక్కో విభాగానికి 3 చొప్పున 12, మొత్తం 62. మీ ఇప్పటి 376కే కలిపితే 438. ఇంగ్లిష్ కూడా సరిచేసుకుంటే 491. ఇంకో పెద్ద సంగతి, ఫ్రెంచ్ వాళ్లకు విడిగా డ్రాలు పెడతారు. 2025 మార్చిలో ఒక డ్రా 379కే తెగింది. ఆగస్టులో 481కి ఎగిరింది, మళ్లీ దిగింది. కాబట్టి ఏ నెలా గ్యారంటీ లేదు గానీ, ఆ ఏడాది జరిగిన వాటిలో చాలావాటికి 438 సరిపోయేది. క్విబెక్ (ఫ్రెంచ్ మాట్లాడే ప్రావిన్సు) బయట ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లను పెంచుకోవాలని ప్రభుత్వం ఏటా లక్ష్యం పెట్టుకుంటోంది, 2025కి 8.5 శాతం. అందుకే ఈ వరస. ఇంకో తమాషా, ఫ్రెంచ్‌తో వచ్చేవాళ్లు క్విబెక్‌లో కాకుండా బయట ఉంటామనాలి, క్విబెక్‌కు వేరే ఎంపిక పద్ధతి ఉంది.

ఎంతకాలం పడుతుంది అంటే నాకు 14 నెలలు పట్టింది, ఉద్యోగం చేస్తూ, రోజూ పొద్దున గంటన్నర రాత్రి గంట. మూడు నెలల్లో బీ2 అని ప్రకటన ఇచ్చేవాళ్లు మీ 12 లక్షలవాడికి చుట్టాలు. మొదటి నాలుగు నెలలు హాయిగా గడిచాయి. అయిదో నెలలో క్రియలు మీదపడ్డాక మానేద్దామనుకున్నా. బల్ల ఆడదట, పుస్తకం మగవాడట, ఎందుకని అడిగితే సమాధానం లేదు, నా పేరు అక్కడినుంచే పుట్టింది.

కానీ మన తెలుగువాళ్లకు ఒక సుఖం ఉంది, ఎవరూ చెప్పరు. ఫ్రెంచ్‌లో పదాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, 'లె' పక్కన 'అమి' వస్తే 'లెజామి' అంటారు. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు అక్కడ తల పట్టుకుంటారు. మనం చిన్నప్పటినుంచి వాడు, ఎవడు కలిపి వాడెవడు అన్నవాళ్లం, సంధులు బెత్తం దెబ్బలతో నేర్చుకున్నవాళ్లం. మాట ఎక్కడ విరుగుతుందో చెవికి పట్టుబడ్డాక లిజనింగ్ తేలికైంది. అందరికీ భయం పుట్టించే విభాగం అదే. స్పీకింగ్‌కు మాత్రం మనిషి కావాలి, యాప్‌లతో రాదు. నేను వారానికి మూడు గంటలు ఒక ట్యూటరుతో మాట్లాడాను, ఖర్చంతా కలిపితే మీ 12 లక్షల్లో ఆరోవంతు కూడా కాలేదు.

మీకు 27. పద్నాలుగు, పదహారు నెలలు పట్టినా 29 లోపే ఉంటారు, వయసు పాయింట్లు ఒక్కటీ పోవు. అదే 31 ఏళ్లవాళ్లు అడిగితే నా సలహా కాస్త వేరేగా ఉండేది.

జవాబు: నల్లమంచు

అందరూ పీఆర్ ఎలా వస్తుందో చెప్తున్నారు. వచ్చాక సంగతి నేను చెప్తా, తిట్టుకున్నా ఫర్వాలేదు.

నేను ఎలక్ట్రానిక్స్. 2023 జులై స్టెమ్ డ్రాలో కటాఫ్ 486, నాది 489, చొక్కా చిరగకుండా దూరాను. 2024లో ఎడ్మంటన్‌లో దిగాను, చేతిలో ఉద్యోగం లేదు. మొదటి ఏడు నెలలు ఒక గోదాములో రాత్రి షిఫ్టు, పెట్టెలు స్కాన్ చేయడం. ఏదైనా ఆఫీసుకు రెజ్యూమే పంపితే రెండు రకాల మౌనం వచ్చేది, ఒకటి అసలు మౌనం, రెండోది "కెనడా అనుభవం ఉంటే బాగుండేది" అని మర్యాదగా. ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి 25 మంది, ఆ పైన ఉద్యోగులున్న సంస్థలు ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని రాయకూడదని చట్టం వచ్చింది. మంచిదే. ప్రకటనలో రాయరు, మనసులో రాసుకుంటారు అని నా అనుమానం. 2025 సెప్టెంబరులో దేశం మొత్తం మీద నిరుద్యోగం 7.1 శాతం, కుర్రాళ్లలో అంతకు రెట్టింపు. ఈ అంకె ఏ కన్సల్టెన్సీ గోడ మీదా కనిపించదు.

ఇంకోటి, ఇంజినీర్ అన్న మాట ఇక్కడ లైసెన్సు ఉన్నవాడి సొత్తు. ప్రావిన్సు ఇంజినీర్ల సంఘం లైసెన్సు ఇచ్చేదాకా నువ్వు డిజైనరువో టెక్నాలజిస్టువో అంతే. ఒంటారియో సంఘం 2023 మేలో కెనడా అనుభవం ఉండాలన్న నిబంధన తీసేసింది, అది నీకు మేలు. నీతి, చట్టాల మీద ఒక పరీక్ష ఉంటుంది, దాని సిలబస్ ఇండియాలో ఉండగానే చదువుకోవచ్చు. నేను చదువుకోలేదు, పెట్టెల మధ్య కూర్చుని చదివాను.

ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో ప్యానెళ్లు డిజైన్ చేస్తున్నా. నేను ఇండియాలో వదిలేసి వచ్చిన ఉద్యోగం కంటే ఒక మెట్టు కిందే. వెనక్కి వెళ్లాలని ఉందా అంటే లేదు. కానీ ఆ 15,263 డాలర్లను రూల్ కోసం చూపించే డబ్బు అనుకోకు. అది నీ మొదటి అయిదారు నెలల ప్రాణం. గది అద్దె, బస్సు పాసు, మైనస్ ముప్పైలో వేసుకునే కోటు, అన్నీ అందులోంచే. వీలైతే దానికి ఇంకో సగం కలిపి పట్టుకురా. అప్పు చేసి వచ్చినవాడు గోదాములోంచి బయటికి రావడానికి ధైర్యం చెయ్యలేడు, నెలనెలా వడ్డీ కట్టాలి కదా. నాతో పనిచేసిన ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు.

స్టూడెంట్‌గా వెళ్తే నయమని ఎవరో ఒకరు వచ్చి చెప్తారు, ముందే చెప్తున్నా, అది కూడా ఇప్పుడు ఖరీదైపోయింది. 2025 సెప్టెంబరు నుంచి ఒంటరి స్టూడెంటు ఫీజులు కాకుండానే 22,895 డాలర్లు చూపించాలి.

జవాబు: బల్ల ఆడది

నల్లమంచు గారి మాట కాదనను. కానీ నా అనుభవం ఇంకోలా ఉంది. ఫ్రెంచ్ ఉండబట్టే నాకు మొదటి ఉద్యోగం ఆరు వారాల్లో వచ్చింది, కస్టమర్ల ఫోన్లు రెండు భాషల్లో ఎత్తే పని. నా చదువుకు సంబంధం లేదు, అయినా కూర్చుని చేసే పని, జీతం గోదాముకంటే నయం. అక్కడినుంచి నా రంగంలోకి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ట్రాన్స్‌ఫార్మర్27

నల్లమంచు అన్నా, తిట్టుకోలేదు. నిజానికి మీ పోస్టే నాన్నకు ఎక్కువ నచ్చింది, వీడెవడో నిజం చెప్తున్నాడు అన్నారు.

ఇప్పుడు నా ప్లాన్ ఇది. రెండు నెలల్లో సెల్పిప్ రాస్తా. ఈలోగా మా మేనేజరు మంచి మూడ్‌లో ఉన్న రోజు చూసి లెటర్ అడుగుతా. ఫ్రెంచ్ సోమవారం మొదలు, ఒక బ్యాచ్‌లో చేరడానికి డబ్బు కట్టేశా, వెనక్కి ఇవ్వరట, అందుకే కట్టా. నాన్న స్థలం అమ్మరు గానీ నిధుల కోసం తన ఎఫ్‌డీ డబ్బు ఇస్తానంటున్నారు. అది ఎప్పుడు వేయించుకోవాలి? ఐటీఏ వచ్చాక వేయించుకుంటే చాలా?

జవాబు: మిస్సిస్సాగా మామ

చాలదు. బ్యాంకు లెటర్‌లో ఖాతా ఎప్పుడు తెరిచారు, ఇప్పుడెంత ఉంది అనేవాటితో పాటు గత ఆరు నెలల సగటు నిల్వ కూడా రాయాలి. నిన్నటిదాకా ఇరవై వేలున్న ఖాతాలో ఇవాళ పది లక్షలు పడితే ఆఫీసరు ముందు అడిగేది ఇది ఎవరి అప్పు అనే. నాన్నగారి చేత ఇప్పుడే, కనీసం ప్రొఫైల్ వెయ్యకముందే వేయించుకో. తిరిగి ఇవ్వక్కర్లేని బహుమతి అని గిఫ్ట్ డీడ్ రాయించి, ఆయన ఎఫ్‌డీ తీసిన రసీదు దానికి జతచేసి పెట్టుకో. తర్వాత ఆ డబ్బు కదపకు, చెల్లెలి పెళ్లికని రెండు వారాలు తీసి మళ్లీ వేసినా సగటు పడిపోతుంది. డాలరు రేటు పెరిగినా తట్టుకునేలా ఒక లక్ష ఎక్కువే ఉంచు.

మెడికల్ కూడా, 2025 ఆగస్టు 21 నుంచి దరఖాస్తుతో పాటే పెట్టాలి, అంతకుముందులా వాళ్లు అడిగాక చేయించుకుంటే కుదరదు. వాళ్ల జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, అపాయింట్‌మెంటుకు వారాలు పట్టొచ్చు. పాస్‌పోర్టు ఆఫీసునుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా ఆ 60 రోజుల్లోనే పడుతుంది.

సెల్పిప్ మార్కులు వచ్చాక ఇక్కడే వెయ్యి, లెక్క మళ్లీ వేద్దాం. ఈసారి స్వీట్లు నాలుగు విభాగాలూ చూశాకే.